మొదటి పేజీలో లేని మాట

ముందే చెబుతున్నాను: ఈ కథలో ఇంతవరకు నేను ఒక్క అబద్ధం రాయలేదు, ఇకముందూ రాయను. కల్లులో నీళ్ళు కలిపేవాళ్ళున్నారు, పాలలో కలిపేవాళ్ళున్నారు. కథలో కలిపే బుద్ధి మా వంశంలోనే లేదు. మా తాత వేములవాడ జాతరకు నడిచిపోతుంటే దారిలో ఒక పులి ఎదురొచ్చి బీడీకి నిప్పు అడిగిందనీ, ఆయన ముట్టించి ఇచ్చాడనీ మా ఇంట్లో చెప్పుకుంటారు. అదీ నిజమే. అనుమానముంటే ఆ పులినే అడగండి. కాబట్టి ఈ వారం కూడా నిశ్చింతగా చదవండి.

కిందటి వారం సృజనను కోరుట్ల బస్టాండులో నిలబెట్టి వదిలాం. చేతిలో గౌసియాబీ కుట్టి ఇచ్చిన గుడ్డ, గొంతులో ఆ తల్లికి చెప్పలేకపోయిన మాట. ఆ మాట ఏమిటో మరిచిపోయినవాళ్ళకూ, పక్కింటివాళ్ళ పత్రిక అడుక్కొచ్చి ఈ వారమే మొదలుపెట్టినవాళ్ళకూ కలిపి ఒకసారి చెబుతాను.

సృజన జగిత్యాల పిల్ల. తండ్రి శ్రీశైలం ఒకప్పుడు తాటిచెట్లెక్కి కల్లు గీసిన మనిషి. ఆమె ఇంట్లో కూర్చుని ఏదో కంపెనీకి కంప్యూటర్ పని చేస్తుంది. జీతం వచ్చే పని అయ్యాక జీతం రాని పని ఇంకొకటి పెట్టుకుంది. ఆ పని పేరు గిజిగాడు. పిట్ట కాదు, పనిముట్టు. ఇప్పుడు మోటారు డబ్బాలో, లిఫ్టులో, బట్టలుతికే మిషన్‌లో, అన్నింటిలోనూ గోరంత బోర్డు ఒకటి ఉంటోంది కదా. మనిషి రాసిన ప్రోగ్రాం ఆ బోర్డుకు ఉన్నదున్నట్టు ఎక్కదు. నూలు తెచ్చి మగ్గం నెత్తిన పెడితే బట్ట దిగుతుందా? వార్పు పోయాలి, బీముకు చుట్టాలి, ఒక్కో పోగునూ పన్నెలోంచి లాగాలి. ప్రోగ్రాంకు ఆ చాకిరీ అంతా చేసి బోర్డుకు ఎక్కించేదే గిజిగాడు. అది ఏ సేటు సొత్తూ కాదు. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచెయ్యవచ్చు, ఎవరూ ఎవరికీ పైసా ఇవ్వక్కరలేదు. లోకంలో ఇలాంటిది కూడా ఒకటి ఉందని చెప్తే మా ఊళ్ళో నన్ను పులి కథకంటే ఎక్కువ అనుమానించారు.

దాన్ని కొత్తగా పట్టుకునేవాళ్ళు చదివే మొదటి పేజీ పాతబడిపోయింది. దాన్ని సరిచేసి, నాలుగు ముక్కల్లో సులువు చేసి, తెలుగులో రాసే పని సృజన నెత్తికెత్తుకుంది. మొదటి పాఠం ఏమంటే, బోర్డు మీద చిన్న దీపం వెలిగించడం. లోకమంతా పిల్లలు పలక మీద మొదట 'అ' దిద్దినట్టు, ఈ విద్యలో అందరూ మొదట దీపమే వెలిగిస్తారు. పాత పేజీలో ఆ పాఠానికి పైన హెచ్చరిక మాట ఒకటి ఉండేది. సృజనకు అది చాదస్తంగా కనిపించింది. తెలిసినవాళ్ళకు అక్కరలేదు, కొత్తవాళ్ళు బెదురుతారు అనుకుని తీసేసింది. గిజిగాడులో ఎవరు ఏది మార్చినా వేరే ఎవరైనా ఒకరు చదివి 'సరే' అంటేనే అది పేజీకి ఎక్కుతుంది. బుల్‌బుల్ అని మారుపేరు పెట్టుకున్న ఎవరో 'సరే' అన్నారు. పేజీ ఎక్కింది. ఇంత సులువైన మొదటి పేజీ ఎప్పుడూ చూడలేదని మెచ్చుకున్నారు. హైదరాబాద్‌లో వచ్చే ఆదివారం దాని గురించే మాట్లాడమని సృజనను పిలిచారు.

ఇంతలో సిరిసిల్లలో ఏమైందో కూడా మీకు తెలుసు. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. సాంచాల యజమానిని ఆసామి అంటారు. ఆగయ్య అనే ఆసామి షెడ్డులో సాంచాలకు కోరుట్ల పిల్లవాడు షోయబ్ చిన్న చిన్న డబ్బాలు బిగించాడు. పోగు తెగితే డబ్బా సాంచెను ఆపి ఎర్ర దీపం వెలిగిస్తుంది. ఆ దీపం ఉన్నంతసేపూ సాంచె కదలదు. కరెంటు పోయి మళ్ళీ వచ్చినా కదలదు. మనిషి మీట నొక్కితేనే కదులుతుంది. పనివాళ్ళు మొదట నవ్వారు, తర్వాత నమ్మారు. ఒక మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు షోయబ్ గిజిగాడును పట్టి చూద్దామనుకున్నాడు. సృజన రాసిన పేజీ తెరిచాడు. అతని దగ్గర విడి బోర్డు లేదు. సాంచెకు బిగించిన డబ్బాలోదే ఉంది. దానికే ల్యాప్‌టాప్ తీగ తగిలించి మొదటి పాఠం ఎక్కించాడు. దీపం వెలిగింది, డబ్బాకున్న ఆ ఎర్ర దీపమే. పాఠం పండిందని సంబరపడి ఫోను వస్తే మాట్లాడటానికి బయటికి నడిచాడు. డబ్బాలో ఇప్పుడు సాంచెను ఆపే తెలివి లేదు, దీపం వెలిగించే తెలివే ఉంది. కరెంటు పోతే సాంచె స్విచ్ ఆపే అలవాటు అక్కడ లేదు. వచ్చీ రాగానే నడవాలి మరి. పని చేసే బాలయ్య వచ్చాడు, ఎర్ర దీపం చూశాడు, తెగిన పోగు ముడివేయడానికి చెయ్యి లోపల పెట్టాడు.

కరెంటు వచ్చింది.

ఈ సంగతి సృజనకు స్నేహితురాలు తబస్సుమ్ చెప్పింది. షోయబ్ ఆమెకు చిన్నాన్న కొడుకు. పాపం, తబస్సుమ్ చెప్పింది కూడా ఓదార్పుగానే: "వాడు నీ పేజీ సూశే చేసిండట. పేజీల అంత మంచిగనే ఉన్నదట. వీడే ఆగమాగం చేసిండు." ఆ రోజే సృజన తీసేసిన మాటను మళ్ళీ పేజీలో పెట్టేసింది. ఎందుకు పెట్టిందో ఎవరికీ చెప్పలేదు. ఎత్తుకుపోయిన గిన్నెను తెల్లారకముందే తెచ్చి వంటింట్లో బోర్లించిన దొంగలాగా పెట్టింది.

ఇక బస్సెక్కుదాం.

బస్సు కథలాపూర్ దాటింది. సృజన కిటికీ పక్కన కూర్చుని ఒళ్ళో ఉన్న గుడ్డను మడతపెడుతోంది, విప్పుతోంది. అది బాలయ్య చెయ్యి మెడకు వేలాడదీసుకోవడానికి షోయబ్ తల్లి గౌసియాబీ కుట్టిన జోలె. మెత్తటి నూలు గుడ్డ, మెడకు ఒరుసుకోకుండా లోపల దూది. ఒక మూల నల్ల దారంతో చిన్న పిట్టను కూడా కుట్టింది. "మా షోయబ్‌కు ఇష్టమని చిన్నప్పటి నుంచి వాని అంగీలన్నింటికి కుడుతుంటి బిడ్డా. గిప్పుడు ఆయనకు కుట్టిన. మావాని చేత్తోని అయిన పాపం నా చేత్తోని కొంచెమన్న కడుగుతదేమో" అంది ఆ తల్లి. సృజన వెతుక్కుంటూ పోయిన షోయబ్ ఇంట్లో లేడు, ఉన్నా ఎవరితోనూ మాట్లాడటం లేదట. సృజన ముందు అన్నం పెట్టి, పక్కన కూర్చుని, కొడుకు తప్పు ఒప్పుకుని కన్నీళ్ళు పెట్టుకుంది. సృజన ఆ అన్నం తిన్నది. తప్పు మీ కొడుకుది కాదమ్మా అని చెప్పడానికి నోరు ఖాళీ లేనట్టు చివరి మెతుకు దాకా తిన్నది. అదే ఇప్పుడు అరగడం లేదు.

బుల్‌బుల్ మీద కోపం తెచ్చుకుందామని చూసింది. ఆ మహానుభావుడు ఎవరో గానీ, ఇదెందుకు తీశావని ఒక్క మాట అడిగి ఉంటే? చదివే కదా సరే అనాలి? కొంతసేపు ఆ కోపం చల్లగా, హాయిగా ఉంది. రుద్రంగి వచ్చేసరికి అదీ అయిపోయింది. తప్పులో వాటాదారు దొరికితే తప్పు సగమవుతుందని మనం అనుకుంటాం గానీ, తప్పు పొలం కాదు కదా పంచుకోవడానికి.

దారి పక్క తాటిచెట్లు కనపడ్డాయి. తండ్రి గుర్తొచ్చాడు. శ్రీశైలం చెట్టెక్కే ముందు నడుముకు మోకు వేసుకుని, కాళ్ళు నేలమీద ఉండగానే వెనక్కి వాలి, తన బరువంతా వేసి గుంజి చూసేవాడు. ప్రతి చెట్టు దగ్గరా చూసేవాడు. ఇప్పుడే దిగిన చెట్టు పక్క చెట్టయినా సరే చూసేవాడు. చిన్నప్పుడు సృజన నవ్వేది: "గిప్పుడే సూస్తివి గదా బాపూ!" ఆయన నవ్వకుండా, "గది పోయిన చెట్టుకు సూసిన బిడ్డా. గీ చెట్టుకు సూడలె" అనేవాడు. ఆ మనిషి బిడ్డే ఆ మాటను చాదస్తమని తుడిచేసింది. అది తలుచుకుని ఆమె కిటికీలోంచి మొహం తిప్పేసుకుంది.

వేములవాడలో బస్సు మారింది. సిరిసిల్లలో దిగి ఆటో ఎక్కింది.

సిరిసిల్ల సాంచాల చప్పుడు గురించి తెలియనివాళ్ళకు ఒక మాట. అక్కడ ఉరిమినా ఎవరూ తలెత్తరు. అక్కడి కోళ్ళు కూయడం మానేసి రెక్కలతో సైగలు చేస్తాయి. ఆ సందులో పుట్టిన పిల్లలు పొరుగూరికి చుట్టంచూపుగా పోతే నిద్ర పట్టక ఏడుస్తారు, అప్పుడు వాళ్ళ మేనమామలు రాత్రంతా రేకు డబ్బా కొట్టాలి. నమ్మండి.

షెడ్డు గడపలో ఒక పెద్దామె చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. చప్పుడుకు కొంచెం ఎడంగా ఉన్న చోటు అదొక్కటే. సృజన ఆమె దగ్గర వంగింది.

"పెద్దమ్మా, బాలయ్య కాక గిక్కన్నే ఉంటడా?"

"ఉండక యాడికి పోతడు? ఇంట్ల పండుమంటె పండడు. సాంచాల సప్పుడు ఇనవడకుంటె కడుపుల తిప్పుతదట. సిన్నప్పుడు వాళ్ళవ్వ ఆయనకు పాలు పట్టలేదో, సాంచె నూనె పట్టిందో!" అంది ఆమె, చేతులు ఆపకుండానే. "నువ్వెవలు? పేపర్ల రాస్తవా? మొన్న ఒకాయన అచ్చి కట్టిప్పి సూపెట్టుమన్నడు. ఇప్పుతా, నీ కెమెరా గూడ ఇప్పుతా అన్న. పోయిండు."

ఆమె బాలయ్య భార్య కొమురవ్వ. సృజనకు అది అడగకుండానే తెలిసిపోయింది.

"పేపర్ కాదు పెద్దమ్మా. జగిత్యాల నుంచి అచ్చిన. కోరుట్లల షోయబ్ వాళ్ళమ్మ కాకకు గిది పంపింది."

అప్పుడు ఆగాయి ఆ చేతులు. తునికాకు సగం చుట్టి ఉంది.

"ఆ పోరని పేరు మా ఆయన ముంగట ఎత్తకు."

"కోపం చేస్తడా?"

"చెయ్యడు! గదే నాకు మంట. ఎంత తిట్టుమన్నా తిట్టడు. ఇద్దరి మందం నేనే తిట్టుకోవాలె." తునికాకును చాటలో పడేసి లేచింది. "దా. ఇయ్యాల పొద్దుమూకంగ సందుల ఆసాములందరు గీడికే అస్తున్నరు. ఆ డబ్బాలన్ని పీకి పారేసుడు, ఆ పోరన్ని ఏ షెడ్డుల కాలు వెట్టనియ్యద్దని మాట అనుకునుడు. గాళ్ళు రాకముందే నీ పనేందో చేసుకొని పో."

లోపల సాంచాలన్నీ ఒక్క గొంతుతో మొత్తుకుంటున్నాయి. గోడ వారగా ఒక గోనెసంచి, అందులోంచి తీగలు పేగుల్లా వేలాడుతున్నాయి, అప్పటికే పీకేసిన కొన్ని షోయబ్ డబ్బాలు. ఆ చివర మెయిన్ స్విచ్ పక్కన కుర్చీ వేసుకుని ఆగయ్య కూర్చున్నాడు, లావుపాటి మనిషి, చూపు ఎటో ఉంది. ఈ చివర బల్ల మీద బాలయ్య. బట్టతల, తెల్ల మీసాలు, కుడి చేతికి మోచేతి దాకా కట్టు. నడుస్తున్న సాంచెను చూస్తూ ఎడమచేతి వేళ్ళతో గాలిలో ముడులు వేస్తున్నాడు. ముడి పడటం లేదు కాబోలు, మళ్ళీ మొదలుపెడుతున్నాడు.

ఆ వేళ్ళను చూసి సృజన బస్సులో కూడబలుక్కున్న మాటలన్నీ పోగొట్టుకుంది. జోలె మాత్రం ముందుకు చాచింది.

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

ఒక్కో సాంచె ఒక్కో మూలుగు మూలిగి ఊరుకుంది. పనివాళ్ళు ఉసూరుమంటూ బయటికి, చాయ్ దగ్గరికి నడిచారు. ఆగయ్య కూడా ఎటో పోయాడు. షెడ్డంతా వాన వెలిసిన చేనులా అయిపోయింది. సృజన నోరు తెరవడానికి దేవుడే వీలు చేశాడన్నట్టుంది.

బాలయ్య జోలెను ఎడమచేత్తో అందుకుని వెలుతురుకు పట్టి చూశాడు. "ఎవలు కుట్టిండ్రు బిడ్డా? కుట్టు సూడు, ఎంత సక్కగున్నది! పిట్ట గూడ కుట్టింది. నెత్తి మీద జుట్టు సూడుండ్రి దానికి. నాకు లేదని ఎక్కిరిచ్చినట్టున్నది."

"షోయబ్ వాళ్ళమ్మ కుట్టింది కాకా."

"మాకద్దు" అంది కొమురవ్వ.

"ఉండవే. మెత్తగున్నది." మెడలో వేసుకోబోయాడు, ఒంటిచేత్తో కాలేదు. సృజన వెనక్కి వెళ్ళి ముడి వేసింది. ఆయన మొహం కనపడని ఆ క్షణంలోనే నెమ్మదిగా అంది:

"కాకా, షోయబ్ తప్పు గాదు. నాది."

"నువ్వు ఆడ లేకుంటివి గదా బిడ్డా."

"నేను లేను. నేను రాసిన పేజీ ఉండె."

ముందుకు వచ్చి నేలమీద కూర్చుని చెప్పింది. గిజిగాడు సంగతి, మొదటి పాఠం సంగతి, అందులోంచి తాను తీసేసిన మాట సంగతి. ఎక్కడా తన తప్పును తక్కువ చేసి చెప్పలేదు, ఎక్కువా చేయలేదు. బాలయ్య మధ్యలో ఆపాడు.

"ఏం మాట అది? ఉన్నదున్నట్టు చెప్పు."

ఆమెకు అది కంఠతా వచ్చు. ఈ మధ్య నిద్రలో కూడా వస్తోంది. "'ఈ పాఠాన్ని విడి బోర్డు మీద, బల్ల దగ్గర కూర్చుని చేయండి. పనిలో ఉన్న యంత్రానికి బిగించిన బోర్డు మీద చేయకండి. మీకు అది ఒట్టి దీపం కావచ్చు. అక్కడ పనిచేసేవాళ్ళకు అది గుర్తు కావచ్చు.'"

"మళ్ళొకసారి."

మళ్ళీ చెప్పింది. బాలయ్య కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఎవలు రాసిండ్రు దీన్ని?"

"తెల్వదు కాకా. నాకంటె ముందటోళ్ళెవరో."

"చెయ్యి పోయినోడే రాసి ఉంటడు" అన్నాడు బాలయ్య. "లేకుంటె చెయ్యి పోంగ సూసినోడు. గసుంటి మాట ఉత్తగ రాయరు బిడ్డా."

సృజనకు ఆ ఆలోచన ఇంతవరకు రానేలేదు. ఆ వాక్యం వెనక మనిషి ఉంటాడని, ఆ మనిషికి ఒక మధ్యాహ్నం ఉంటుందని అనుకోలేదు. తాను తుడిచింది వాక్యాన్ని కాదు, ఎవరో చెయ్యి అడ్డం పెట్టి ఆపిన చోటును. తలకాయ మోకాళ్ళ మీదికి వాలిపోయింది.

కొమురవ్వ వదల్లేదు. "ఎందుకు తీసినవే? నీకు అడ్డమచ్చిందా అది?"

"అందరికి తెలిసిందే గదా అని... కొత్తోళ్ళు బెదురుతరని."

"బెదరాలె! బెదిరితె నా మొగని చేతి ఏళ్ళు ఉంటుండె! సులువు చేస్తవా నువ్వు? సూడు, ఎంత సులువయ్యిందో. అంగీ గుండీ నేను పెడుతున్న. అన్నం నేను కలుపుతున్న. రాత్రి కండ్లల్ల నీళ్ళొస్తె తుడుసుకునేతందుకు గూడ ఆ చెయ్యే లేస్తది ఆయనకు, అలవాటుగ, కట్టుతోని. నీ పేజీల గది గూడ రాయి." కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగింది.

సృజన ఏడవలేదు. ఏడిస్తే ఓదారుస్తారేమోనని భయపడింది.

బాలయ్య అన్నాడు: "కొమురా, నా ముచ్చట గూడ ఇను. డబ్బాలు రాకముందు నేను సాంచెల చెయ్యి వెట్టాలంటె మోటర్ పట్టా జారగొట్టి, సాంచె తిరుగకుంట చేసి వెడుతుంటి. మా అయ్య నేర్పిండు. దీపం అచ్చినంక పట్టా ముట్టుకోలె. ఎవలన్న జారగొడుతుంటె నవ్విన గూడ, గింక గదెందుకురా, దీపముండంగ అని. గీ పిల్ల పేజీల మాట తీసింది. నేను నా చేతుల మాట తీసిన." కట్టు చెయ్యి కేసి చూసుకున్నాడు. "సరే బిడ్డా. ఆ మాట మళ్ళ వెట్టినవా?"

"వెట్టిన కాకా. తెలిసిన రోజే."

"ఎందుకు వెడుతున్నవో రాసినవా?"

సృజన తల అడ్డంగా ఊపింది.

"షోయబ్‌కు తెలుసా, అది ముందు ఉండె, నువ్వు తీసినవని?"

"లేదు."

"వానమ్మకు?"

"లేదు కాకా. ఆమె చేతి అన్నం తిని అచ్చిన."

"గదీ తప్పు" అన్నాడు బాలయ్య. గొంతు పెంచలేదు. "తీసుడు తెలివితక్కువ. తెలువకుంట మళ్ళ వెట్టుడు తప్పు. పొద్దుమూకంగ ఆసాములు కూసుంటరు. గప్పుడు గీ షెడ్డులనే లేశి, నాకు చెప్పిందే గాళ్ళకు చెప్పాలె. నాకు చెప్పుడు అల్కనే బిడ్డా, నేనెట్లాగు తిట్టను. గాళ్ళు తిడుతరు. తిట్లు పడితెనే ఆ పోరడు మళ్ళ గీ సందుల తిరుగుతడు. లేకుంటె కోరుట్లల ఇంట్ల కూసొని ఎండిపోతడు."

సృజనకు ఆదివారం గుర్తొచ్చింది. హైదరాబాద్ గుర్తొచ్చింది. సులువైన పేజీ అని మెచ్చుకున్న పేర్లన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఇక్కడ నలుగురికి తెలిసిన సంగతి అక్కడికి చేరకుండా ఉండదు. అయినా తల ఊపింది.

"చెప్త" అంది. ఆ మాట ఎంత చిన్నగా వచ్చిందంటే, అంత నిశ్శబ్దంలో కూడా ఆమెకే సరిగా వినపడలేదు.

అప్పుడు గడపలో నీడ పడింది. బక్కపలచని కుర్రవాడు, భుజాన సంచి, చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు, లోపలికి రావడానికి అర్హత లేనివాడిలా. కొమురవ్వ అతన్ని చూసి, "షోయబ్!" అంది. తిట్టడానికి తెరిచిన నోరు తిట్టు దొరక్క అలాగే ఉండిపోయింది. అతను సృజన వైపు చూసి ఏదో చెప్పబోయాడు.

ఇక్కడ ఆపేసి, మీరు వారమంతా గోళ్ళు కొరుక్కుంటుంటే నేను హాయిగా పడుకోవచ్చు. కానీ పైన నేను రాసిందాంట్లో ఒకటి నన్నే గుచ్చుతోంది. అది తీస్తే తప్ప కథ ముందుకు కదిలేలా లేదు.

ఆ రోజు సిరిసిల్లలో కరెంటు పోలేదు.

అవును, ఒక్క అబద్ధం కూడా రాయనని మీసం మెలేసింది నేనే. ఏం చెయ్యను, ఆ పిల్ల మొహం చూస్తే జాలేసింది. కొంచెం చప్పుడు ఆపి, నలుగురినీ చాయ్ తాగడానికి పంపి, మెల్లగా చెప్పుకోనిద్దామనిపించింది. మా తాత పులికి నిప్పిచ్చాడు, నేను ఈమెకు నిశ్శబ్దం ఇచ్చాను. నిజానికి సాంచాలన్నీ నడుస్తూనే ఉన్నాయి. 'నెమ్మదిగా అంది' అని రాసిన చోట 'అరిచింది' అని చదువుకోండి. బాలయ్య 'మళ్ళొకసారి' అన్నది మాట సరిగా అందకే; కళ్ళు మూసుకున్నాడన్నదీ నా కల్పనే, ఆమె నోటినే చూస్తూ విన్నాడు. తప్పు నాది అన్న మాటను ఆమె గొంతు చించుకుని, నరాలు ఉబ్బేలా, పదే పదే అరవాల్సి వచ్చింది. పనివాళ్ళెవరూ బయటికి పోలేదు. పైగా సాంచాల మీద పనిచేసేవాళ్ళు చెవులతో వినరు, ఎదుటివాళ్ళ పెదాలతో వింటారు. ఆ చివర కుర్చీలో కూర్చున్న ఆగయ్య కూడా చిన్నప్పటి నుంచీ అక్కడే పెరిగినవాడు.

షోయబ్ కూడా అప్పుడే వచ్చినవాడు కాదు. మొదటి పాఠం అన్న మాట దగ్గర్నుంచీ గడపలోనే ఉన్నాడు. అతనూ అరిచాడు. సృజనకు పెదాలు చదవడం రాదు, అయోమయంగా చూసింది. అతను మళ్ళీ అరిచాడు. అప్పుడు ఆగయ్య కుర్చీలోంచి లేచి, చెయ్యెత్తి, మెయిన్ స్విచ్ కిందికి గుంజాడు.

సాంచాలు నిజంగా ఆగింది అప్పుడు. బాలయ్య ఉలిక్కిపడి, పిట్ట కుట్టిన జోలెతో సహా చేతిని రొమ్ముకు అదుముకున్నాడు.

"ఏమన్నవ్‌రా?" అన్నాడు ఆగయ్య. "మళ్ళ చెప్పు. గిప్పుడు అందరు ఇంటున్నరు."

షోయబ్ ఆయన వైపు చూడలేదు. "అక్కా, ఆ మాట తీసినప్పుడు సరే కొట్టింది నేనే. బుల్‌బుల్ నేనే. సదువకుంటనే కొట్టిన."

మీకు కరెంటు పోయిందని చెప్పింది నా కల్పన. స్విచ్ మీద ఆగయ్య చెయ్యి మాత్రం నిజం. ఆయన ఆ స్విచ్‌ను ఇంకా పైకి ఎత్తలేదు.